ఫ్లమరీ వండిన వారం

నవంబర్ 11, సోమవారం

ఇవాళ తొమ్మిదో తరగతిలో "రోజుకో మాట" కింద బోర్డు మీద ఫ్లమరీ అని రాశాను. ఒక్కరికీ నోరు తిరగలేదు. ఏమై ఉంటుందో చెప్పండి అంటే, మాధురి లేచి "తినేదాండీ?" అంది. ఆ పిల్లకి లోకంలో ఏదైనా ముందు తినేదే. కానీ ఈసారి కరెక్టుగా చెప్పింది, అందుకే చప్పట్లు కొట్టించాను.

మూడు అర్థాలూ చెప్పాను. మొదట్లో ఇది వేల్స్ బీదవాళ్ల తిండి. ఓట్స్ పొట్టు నీళ్లలో నానేసి, పులిసేదాకా ఉంచి, వడగట్టి, ఆ నీళ్లని గడ్డకట్టేదాకా ఉడికించేవారు. మాట కూడా వాళ్లదే. తర్వాత దొరల ఇళ్లలోకి చేరింది. పేరు అదే, కానీ పాలు, బాదం, పంచదార చేర్చి అచ్చుల్లో పోసిన పుడ్డింగైంది. ఆ పుడ్డింగులో పంటికి తగిలేది ఏమీ ఉండదు కదా, అందుకని చివరికి సరుకులేని పొగడ్తనీ ఉత్త మాటల్నీ ఫ్లమరీ అనడం మొదలుపెట్టారు. మన కరస్పాండెంట్ ధనరాజు గారి పుట్టినరోజుకి చదివే అభినందన పత్రంలాగా అని ఉదాహరణ నోటిదాకా వచ్చింది. గోడలకు చెవులుంటాయని మింగేశాను.

వాక్యాలు రాయమంటే అనురాధ "ఫ్లమరీతో కడుపు నిండదు" అని రాసింది. ఏ అర్థంలోనమ్మా అంటే, "మూడింట్లోనూ అండీ" అంది. ఇలాంటి పిల్ల ఒక్కతున్నా పాఠం చెప్పబుద్ధేస్తుంది.

ఊరుకోకుండా అమ్మమ్మ సంగతి కూడా చెప్పాను. అమ్మమ్మ బంగళా దొరసాని దగ్గర వంట చేసేది. ఈ లంకల్లో ఓట్స్ ఎక్కడివి, బియ్యపు నూకతో చేయడం నేర్చుకుంది. ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంట్లో అదే. పులమరి అనేది. తరవాణిలాగా పుల్లగా ఉండేది, పైన బెల్లం పాకం. అంతే, పిల్లలు పట్టుకున్నారు, మాకూ చేసిపెట్టండి అని. గురువారం బాలల దినోత్సవం. సరేనన్నాను. వార్డెన్ గారు సెలవులో ఉన్నారు కాబట్టి హాస్టల్ కూడా నా చేతుల్లోనే ఉంది, ఎవర్నీ అడగక్కర్లేదు.

నవంబర్ 12, మంగళవారం

నూక నిన్ననే నానేశాను. ఇవాళ్టికే పుల్లటి వాసన మొదలైంది.

తమ్ముడు ప్రవీణ్ కొత్తపేట నుంచి అమ్మమ్మ ఇత్తడి గిన్నె బండి మీద తెచ్చిచ్చాడు. దొరసాని వెళ్లిపోతూ అమ్మమ్మకి ఇచ్చిన గిన్నె. "స్టీలు గిన్నెలు లేవేంటే మీ హాస్టల్లో?" అని విసుక్కున్నాడు. స్టీలు గిన్నెలో అందం ఏముంది?

ఏళ్ల తరబడి అటక మీద పడుంది. బయట నల్లగా మసి, లోపల బూడిదరంగు పొర, అది కూడా అక్కడక్కడా ఊడిపోయి మచ్చలు మచ్చలుగా. చింతపండు, ఉప్పు, ముగ్గుపిండి వేసి సాయంత్రమంతా తోమాను. లోపలి పొర ఒక పట్టాన వదల్లేదు. నేనూ వదల్లేదు. చివరికి లోపలా బయటా ఒకే బంగారం. వంటమనిషి అచ్చాయమ్మ సాయం చేస్తానంటే వద్దన్నాను. గురువారం దాకా ఎవరూ చూడకూడదు.

నవంబర్ 13, బుధవారం

వండాను. బాగా కుదిరింది. అమ్మమ్మ పిండేదానికంటే నిమ్మకాయలు ఇంకాస్త ఎక్కువే పిండాను. గిన్నెలోనే రేపటిదాకా గడ్డకట్టాలి. ఫోటో తీసి స్కూలు గ్రూపులో పెడితే కరస్పాండెంట్ గారు చప్పట్లు పెట్టారు.

నవంబర్ 14, గురువారం

మధ్యాహ్నం. అచ్చాయమ్మ పులావు, కోడిగుడ్ల కూర చేసింది. తర్వాత నా ఫ్లమరీ. పిల్లల మొహాలు చూడాలి! బావుందనాలా వద్దా అని ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. అనురాధ "చిల్లర డబ్బులు నోట్లో పెట్టుకున్నట్టుందండీ" అంది. పులుపు అలవాటు లేని నాలుకలు మీవి అని కసిరాను. మాధురి మాత్రం గిన్నె ఒళ్లో పెట్టుకుని అడుగంతా గీకి గీకి తింది. ఇంక గిన్నె కడగక్కర్లేదే అని నవ్వాను.

సాయంత్రం. పిల్లలకి వాంతులు. ముందు ఇద్దరికి, తర్వాత ఒకరి వెంట ఒకరికి. ఆటోల్లో అమలాపురం ఆసుపత్రికి చేర్చాం. నాకూ కాస్త తిప్పింది. కంగారుకే అయ్యుంటుంది. నేను తిన్నది ఒక్క చెంచా.

మాధురి కక్కింది పచ్చగా ఉంది. పులావులో కొత్తిమీర ఎక్కువ వేసింది అచ్చాయమ్మ.

నవంబర్ 15, శుక్రవారం

అందరూ తేరుకున్నారు, మాధురి తప్ప. ఏం ఇచ్చినా కడుపులో నిలవడం లేదు.

కరస్పాండెంట్ గారు ఆఫీసులోకి పిలిచారు. ఫ్యాను కింద కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. నా సర్వీసులో ఇలాంటి మర్యాద ఇదే మొదటిసారి.

"చూడండి శాంతి గారూ, మీలాంటి టీచరు ఈ జిల్లాలోనే లేరండి. నేను ఎక్కడికెళ్లినా మీ గురించే చెప్తానండి. గుడ్లు పాడైపోయుంటాయి, అంతేనండి. అచ్చాయమ్మ చూసుకోలేదు. మధ్యలో మీరు చేసిన స్వీటు గొడవ ఎందుకండీ, ఆ మాట ఎత్తకండి."

"ఆయ్" అన్నాను.

గుడ్లే అయ్యుంటాయి. నూకనీళ్లు పులిస్తే ఏమవుతుంది? తరవాణి లాంటిదే కదా. అమ్మమ్మ జీవితాంతం తాగింది, నిక్షేపంలా ఎనభై దాటి బతికింది.

ఇవాళ కార్తీక పౌర్ణమి. హాస్టల్ వెనక కాలవలో దీపాలు వదులుతున్నారు. కిటికీ దగ్గరికి వెళ్లాలనిపించలేదు.

నవంబర్ 16, శనివారం

గిన్నె చూశాను.

కొట్టుగదిలో బోర్లించి ఉంది. మాధురి నాకేసిందని నేను కూడా సరిగ్గా కడగలేదు. అంచు కింద, చెంచా అందని చోట, ఎండిపోయిన పిండి. అది పచ్చగా ఉంది. ఆకుపచ్చ కాదు, మయిలుతుత్తం లాంటి నీలిపచ్చ. గోరుతో గీకాను. దాని కింద ఇత్తడి కూడా పచ్చబడింది.

ఇది నాకు తెలియని సంగతి కాదు. నాకే తెలియాలి. ప్రతి ఏడూ క్రిస్మస్ ముందు కళాయి సాయిబు మా వీధిలోకి వచ్చేవాడు. కొలిమి తిత్తి ఊది, గిన్నె కాల్చి, నవాసారం పొడి వేసి, తగరం ముక్క రాసి గుడ్డతో తిప్పేవాడు. ఘాటు పొగ లేచేది, గిన్నె లోపలంతా వెండిలా తెల్లగా అయ్యేది. సాయిబు రావడం ఆలస్యమైతే అమ్మమ్మ పొయ్యి మీద ఇత్తడి పెట్టేదే కాదు. చారు కూడా మట్టికుండలోనే. "కళాయి లేని గిన్నెలో పులుపు చిలుమెక్కుతుందే, ప్రాణాలు తీస్తుంది" అనేది. నేను పక్కనే కూర్చుని తిత్తి ఊదేదాన్ని.

ఆ బూడిదరంగు పొర మురికి కాదు. మిగిలిన కళాయి. నేను చింతపండు పెట్టి తోమి తోమి పోగొట్టింది కళాయిని.

ఫోన్లో చదివాను. పులుపులోకి రాగి దిగుతుందట. ఎక్కువైతే వాంతి పచ్చగా అవుతుందట. తర్వాత కాలేయం, కిడ్నీలు... ఇంక చదవలేకపోయాను. దీనికి మందు కూడా వేరే ఉందట. ఆసుపత్రిలో ఇస్తున్నది పాడైన తిండికి ఇచ్చే మందు.

అందరూ ఒకే గిన్నెలోది తిన్నారు, అందరూ లేచి తిరుగుతున్నారు. మాధురి ఒక్కత్తే ఎందుకు? అంటే గిన్నె కాదేమో. కానీ అడుగు గీకింది మాధురి ఒక్కత్తే.

గిన్నె పాత చీరలో చుట్టి నా మంచం కింద పెట్టాను. గ్రూపులో ఫోటో తీసేశాను. తీసేసినట్టు కూడా అక్కడ చూపిస్తుందని తర్వాత గుర్తొచ్చింది. ప్రవీణ్‌కి ఉద్యోగం లేదు. అమ్మ మందులు నా జీతంలోంచే. పోలీసులు నన్ను తీసుకుపోతే ఆ ఇల్లు ఎలా నడుస్తుంది?

సోమవారం చెప్తాను. సోమవారానికి మాధురి లేచి కూర్చుంటే చెప్పాల్సిన అవసరమే ఉండదు.

నవంబర్ 17, ఆదివారం

మాధురిని నిన్న సాయంత్రం కాకినాడ తీసుకెళ్లారు. చర్చి మానేసి వెళ్లాను.

కళ్లు పచ్చబడ్డాయి. నన్ను చూసి నవ్వబోయింది. "సోమవారం మాట ఏంటండీ?" అంది. లేచి వచ్చాక చెప్తానన్నాను.

వాళ్లమ్మ వెంకటదుర్గ గారు బండారులంకలో మగ్గం నేస్తారు. కారిడార్లో నేల మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే లేచి, "మీరెందుకండీ ఇంత దూరం శ్రమపడి వచ్చేరు?" అన్నారు. నాకు కూర్చోవడానికి తన కొంగుతో నేల తుడిచారు.

"మీరంటే ప్రాణమండీ దానికి. ఇంటికొస్తే చాలు, శాంతి టీచర్ గారు ఇలా అన్నారు, అలా అన్నారు. ఇంగ్లీషు మాటలు నాక్కూడా అప్పజెప్పమంటుందండీ. ఆ అచ్చాయమ్మ చేతులు పడిపోనూ. పిల్లలకి పెట్టేవి చూసుకోవద్దాండీ?"

మాట్లాడితే ఆ ఒక్క మాటే వచ్చేలా ఉంది. ఏం చేయాలో తోచక ప్రార్థన చేయమంటారా అన్నాను.

"చెయ్యండమ్మా. ఏ దేవుడైతే ఏంటండీ, ఎవరో ఒకరు వినాలి గానీ."

ఆవిడ చెయ్యి పట్టుకుని ప్రార్థించాను. వేళ్లన్నీ నూలు కోసి కాయలు కాచి ఉన్నాయి. ప్రభువా, ఈ బిడ్డని స్వస్థపరచు అన్నాను. డాక్టర్లకి జ్ఞానం ఇవ్వు అని కూడా అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆమేన్ అని కళ్లు తెరిస్తే ఆవిడ నాకు దణ్ణం పెడుతున్నారు.

నవంబర్ 18, సోమవారం

అచ్చాయమ్మని స్టేషన్‌కి తీసుకెళ్లారు.

బోర్డు మీద ఏ మాటా రాయలేదు. పిల్లలు కూడా అడగలేదు.

అచ్చాయమ్మని స్టేషన్‌కి తీసుకెళ్లారు.

నవంబర్ 19, మంగళవారం

అచ్చాయమ్మ కొడుకు సూరిబాబు వచ్చాడు. ఇక్కడే ఆటో తోలుతాడు. గేటు దగ్గర నిలబడి లోపలికి రానన్నాడు.

"మా అమ్మ గుడ్లు ఒక్కోటీ నీళ్లలో వేసి చూసి మరీ వండుద్దండీ. మీకు తెల్దాండీ? మీరు రోజూ చూత్తారు కదండీ. మీరొక్క మాట ఎస్.ఐ. గారితో చెప్తే వింటారండీ, చదువుకున్నోరు కదా."

మాట్లాడతానని చెప్పాను. పోలీసులు అడిగితే ఆవిడ మంచిదే అని చెప్తాను. అంతకంటే నేనేం చేయగలను? నేను ఎవరి మీదా నేరం మోపలేదు. గుడ్లు పాడయ్యాయని నేను అనలేదు. నేను అబద్ధం ఆడలేదు. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

ఇంత చక్కగా రాశాను కదా, చదివి చూసుకుంటే పులమరే. మెత్తగా జారిపోతోంది, పంటికి ఏమీ తగలడం లేదు.

సాయంత్రం కాకినాడ నుంచి మాధురి వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. మూత్రం కాఫీ రంగులో వస్తోందట, అది కూడా తగ్గిపోయిందట. కిడ్నీలు పనిచేయడం మానేస్తున్నాయన్నారట. "ఎందుకో అంతు చిక్కట్లేదంటన్నారండీ డాక్టర్లు. గుడ్లకి ఇంత అవ్వదంటన్నారు. ఇంకేమన్నా తిందా అని మిమ్మల్నోసారి అడగమన్నారండీ."

కనుక్కుని చెప్తాను అన్నాను.

కనుక్కుని చెప్తానట! ఎవరిని కనుక్కోను?

పిల్ల చచ్చిపోతుంది. నేను ఇలా డైరీ రాసుకుంటూ కూర్చుంటే పిల్ల చచ్చిపోతుంది. పోలీసులంటే భయం, ఉద్యోగం పోతుందని భయం, ప్రవీణ్ మొహం చూడాలంటే భయం. కానీ దుర్గ గారు ఏడుస్తుంటే ఆ పక్కన నిలబడాల్సి రావడం అన్నిటికంటే భయంగా ఉంది. తెల్లారగానే మొదటి బస్సుకి వెళ్తాను.

నవంబర్ 20, బుధవారం

వెళ్లాను. గిన్నె చీరతో సహా సంచిలో పెట్టి ఒళ్లో పెట్టుకున్నాను. ఎదుర్లంక వంతెన మీద బస్సు నెమ్మదిగా వెళ్లింది. కింద గోదారి నిండుగా ఉంది. కిటికీ పక్క సీటే నాది. ఊచల్లోంచి గిన్నె పట్టదు. పట్టి ఉంటే ఏం చేసేదాన్నో నేను చెప్పలేను.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది, నా స్టూడెంట్ వయసు. బల్ల మీద గిన్నె పెట్టి, ఇందులో పులుపు వండి రాత్రంతా ఉంచాను, కళాయి లేదు, ఈ అమ్మాయి అడుగు గీకి తింది అన్నాను. దారంతా కూడబలుక్కున్నది అంతే. డాక్టరమ్మ గిన్నె అంచు ఒక్కసారి చూసి, నాతో ఏమీ అనకుండా ఫోన్ తీసి ఎవరికో చెప్పడం మొదలుపెట్టింది. రక్తపరీక్ష, మందు పేరు, డయాలసిస్. ఆ మందు ఇక్కడ లేదట, విశాఖపట్నం నుంచి రావాలట. పరుగులు మొదలయ్యాయి. నన్ను పక్కకి జరగమన్నారు.

అక్కడినుంచే ఎస్.ఐ. గారికి ఫోన్ చేశాను. సాయంత్రం స్టేషన్‌కి వెళ్లి రాసిచ్చాను. ఊరు వదిలి వెళ్లొద్దన్నారు. కోర్టు ఉంటుందన్నారు. అచ్చాయమ్మ బల్ల మీద కూర్చుని ఉంది, అంతా విన్నది.

"నా గుడ్లు కావని నాకు తెలుసునండీ. చెప్తే వినేవోరెవరండీ?" అంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. సూరిబాబు ఆటోలో ఎక్కించుకుని వెళ్లిపోయాడు. నా వైపు చూడలేదు.

నవంబర్ 22, శుక్రవారం

మందు ఎక్కిస్తున్నారు. బతుకుతుందో లేదో ఇంకా చెప్పలేమన్నారు.

అన్నం సయించడం లేదు.

నవంబర్ 24, ఆదివారం

ప్రాణానికి భయం లేదన్నారు. కిడ్నీలు తేరుకోవాలి, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేరట. వారానికి ఇన్నిసార్లని డయాలసిస్ ఉంటుంది.

నిన్న స్కూల్లో విచిత్రం జరిగింది. ఉద్యోగం ఊడుతుందని సామాన్లు సర్దుకుని వెళ్లాను. కరస్పాండెంట్ గారు పిల్లల ముందు నిలబెట్టి, నిజాయితీకి నిలువెత్తు రూపం అన్నారు. తన ప్రాణం లెక్కచేయకుండా విద్యార్థిని ప్రాణం కాపాడిన గురుమూర్తి అన్నారు. ఎవరో విలేఖరి కూడా వచ్చాడు. స్కూలు పేరు చెడకుండా ఇలా మలుపు తిప్పుకున్నారని నాకు తెలుసు. అయినా వింటుంటే, దేవుడు క్షమించాలి, హాయిగా ఉంది. ఇన్ని రోజుల తర్వాత రాత్రి కడుపునిండా తిన్నాను. మా పాస్టర్ గారు, టీచర్లు, ప్రవీణ్ కూడా అదే మాట. ఎంత ధైర్యం, ఎంత ధైర్యం అని. నేనూ కొంచెం కొంచెం నమ్ముతూ వచ్చాను.

ఇవాళ కాకినాడ వెళ్లాను. మాధురి నిద్రపోతోంది. దుర్గ గారు బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నారు. పొయ్యి మీద పాలు చూసుకునే మనిషిలా, గొంతు పైకి లేవకుండా మాట్లాడారు.

"డాక్టరమ్మ గారు చెప్పేరండీ. గిన్నె సంగతి ముందే తెలిసుంటే కిడ్నీలదాకా వచ్చేది కాదని."

తల దించుకున్నాను.

"తెలీక వండేరు. అది నేనేం అననండీ. నా చేత్తో నేను వండినా అలాగే అవుద్దేమో. మీకు కళాయి సంగతి ఎప్పుడు తెలిసిందండీ?"

మంగళవారం అనొచ్చు. మాధురి నాన్నగారు ఫోన్ చేశాక తట్టింది, మర్నాడే వచ్చాను అనొచ్చు. అందరికీ చెప్పింది అదే. పోలీసులకి రాసిచ్చింది కూడా అదే. ఈ డైరీలో తప్ప నిజం ఎక్కడా లేదు. నోరు తెరిచాను, ఆ మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చేసింది. ఆవిడ నా మొహంలోకే చూస్తున్నారు.

"శనివారమండీ" అన్నాను.

లోపల ఏదో మిషను కూతపెట్టి ఆగింది.

"మీరు ఆదివారం వచ్చేరు కదండీ. నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసేరు. అప్పటికి తెలుసాండీ?"

"తెలుసండీ."

ఆవిడ తన చెయ్యి తిప్పి చూసుకున్నారు. కొంగుతో తుడుచుకుని, లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.